కళ్ళు మూసుకోండి, తగిలితే చెప్పండి

ముప్పై ఏళ్ళు మనుషుల పాదాలు చూసి, నిరుడు రిటైరయ్యాను. మా పేట పెండిల్ హిల్ కొట్లలో ఎవరైనా పలకరిస్తే మొహం చూసి ఒక పట్టాన పోల్చుకోలేను. చెప్పులు విడిస్తే మాత్రం టక్కున పేరు చెప్పేస్తాను. మా ఆయన దీన్ని జబ్బంటాడు.

నేను షుగర్ పేషెంట్లని చూసే నర్సుని. మొదటి సగం సిడ్నీలో ఒక పెద్ద ఆసుపత్రిలో గడిచింది. తర్వాతదంతా పడమటి సిడ్నీలో, మనవాళ్ళు ఎక్కువగా వచ్చే ఒక చిన్న క్లినిక్‌లో. ఈ మధ్య మన పిల్లలు చాలామంది నర్సింగ్‌లో చేరుతున్నారు. వాళ్ళలో ఒకమ్మాయి వచ్చి, యూనివర్సిటీలో అసైన్‌మెంట్ ఇచ్చారు, మీ ఉద్యోగం గురించి చెప్పండాంటీ అని కూచుంది. ప్రమోషన్లూ ఫారాలూ నెట్‌లో దొరుకుతాయి, వాటికి నేనెందుకు? నేను చేసిన ఒక పెద్ద తప్పు చెప్పాను. ఆ పిల్ల పెన్ను పక్కన పెట్టేసి వింది తప్ప ఒక్క ముక్క రాసుకోలేదు. ఇక లాభం లేదని నేనే రాస్తున్నాను.

దారం

మా పనిముట్టు చూస్తే నవ్వొస్తుంది. ఒక చిన్న పిడి, దాని చివర వేలెడంత కూడా లేని నైలాన్ దారం. పేషెంటుని మంచం మీద పడుకోబెట్టి కళ్ళు మూసుకోమంటాం. దారం కొసని అరికాలికి ఆనించి, అది వంగేదాకా నొక్కి తీసేస్తాం. తగిలినప్పుడల్లా "ఆ" అనాలి. ఒక్కో పాదానికి పది చోట్లు. షుగర్ వల్ల నరాలు దెబ్బతిన్నవాళ్ళు కొన్ని చోట్ల ఏమీ అనరు. ఎక్కడ అన్నారో, ఎక్కడ అనలేదో కాగితం మీద పాదం బొమ్మలో చుక్కలు పెట్టుకుంటాం.

చెప్పుకోవడానికి ఇంతే. కానీ ఆ గదిలో కూచుంటే వేరు. మంచం మీద మనిషి పూర్తి మెలకువతో ఉంటాడు. కళ్ళు మూసుకుని బుద్ధిగా ఎదురుచూస్తుంటాడు. మీరు బొటనవేలి కింద నొక్కుతారు, అతను ఊరుకుంటాడు. మడమ మీద నొక్కుతారు, ఊరుకుంటాడు. అతని ఒంట్లో ఒక ముక్క అతనితో చెప్పకుండా వెళ్ళిపోయింది, ఆ కబురు అతని కంటే ముందు మీకు తెలిసిపోయింది. మొదట్లో నాకు ఒళ్ళు జలదరించేది. ముప్పై ఏళ్ళ తర్వాత జలదరించలేదా అంటే, అబద్ధమెందుకు, జలదరించేది.

పోనీ చచ్చిన నరం చచ్చినట్టు పడి ఉంటుందా అంటే అదీ లేదు. లేని మంటలు పుట్టిస్తుంది, లేని చీమల్ని పాకిస్తుంది. ఒక లెక్కల టీచరు గారు రోజూ పడుకునే ముందు వంగి సాక్సు విప్పబోయేది. చూస్తే వట్టి కాళ్ళు. "ఎవరో తొడిగారమ్మా, నాకు తెలుస్తోంది," అని నాతో ఎంతో మామూలుగా చెప్పింది. ఇంకో పెద్దాయన పొద్దుటి నుంచి ఇంటి తాళంచెవి కోసం వెతికి వెతికి, అది దొరకలేదన్న చిరాకుతోనే మా దగ్గరికి వచ్చాడు. నేను బూటు విప్పితే అందులోనే ఉంది, అరికాల్లోకి దిగబడి. ఆయన తాళంచెవి చూసి నవ్వాడు. తర్వాత నా మొహం చూసి నవ్వు ఆపేశాడు.

మార్గరెట్ పెట్టిన రెండు రూల్స్

ఆసుపత్రిలో నా మొదటి బాస్ మార్గరెట్. మాట కటువు, పని శుద్ధి. ఆవిడ దగ్గర రెండే రూల్స్. ఒకటి, మోచేతి కింద ఏమీ ఉండకూడదు. వాచీ, ఉంగరం, గాజు, ఏదీ. రెండోది, పేషెంటు నొప్పి పోయిందని చెప్తే నవ్వకూడదు, ముందు మేజోడు విప్పి పాదం చూడాలి. మంట రెండు దారుల్లో పోతుందనేది ఆవిడ. నరం కుదుటపడితే పోతుంది, నరం పూర్తిగా చస్తే పోతుంది. పేషెంటుకి రెండూ ఒకలాగే ఉంటాయి, రెండింటికీ మనకే థాంక్స్ చెప్తాడు.

రెండో రూల్ నాకు ఒంటబట్టింది. మొదటిది కేవలం శుభ్రత కోసమే అనుకున్నాను. అసలే మనకి చేతులు బోసిగా ఉంటే పడదు. మా అమ్మ వీడియో కాల్‌లో నా చేతులు చూసి, ఏమే, మీ ఆయన బాగానే ఉన్నాడా అని అడిగేది. ఆయనకేం, గుండ్రాయిలా ఉన్నాడు అని నేను కసిరేదాన్ని. అయినా లోపల ఎక్కడో కొంచెం గుచ్చుకునేది.

వావిలాకు తైలం

చిన్న క్లినిక్‌కి మారాక నా బాస్ డాక్టర్ హెలెన్. నాకంటే పదిహేనేళ్ళు చిన్నది. అక్కడికి వచ్చేవాళ్ళు శేషగిరిరావు గారు, ఆయన భార్య కామేశ్వరి గారు. కాకినాడ వాళ్ళు, ఈ దేశం వచ్చి నలభై ఏళ్ళు. ఆయన వంతెనలు కట్టిన ఇంజనీరు. రిటైరయ్యాక ఆయనకి ఒకే ఒక ఉద్యోగం: మధ్యాహ్నం మూడింటికి మనవరాలు మాయని స్కూల్ నుంచి కార్లో తీసుకురావడం. కొడుకూ కోడలూ సిటీ ఆఫీసుల్లో. కామేశ్వరి ఆంటీకి డ్రైవింగ్ రాదు. ఆ పిల్ల తాతయ్య తెలుగంతా విని, ఇంగ్లీషులో జవాబు చెప్తూ ఇల్లు చేరేది. ఆ ఇరవై నిమిషాల కోసమే ఆయన పొద్దున్నే షేవ్ చేసుకుంటారని ఆంటీ వేళాకోళం చేసేది.

షుగర్ ఆయన పాదాల్ని తినేసింది. నేను దారంతో చూస్తే ఇరవై చోట్లకి మూడు చోట్ల "ఆ" అన్నారు. పెడల్ మీద కాలు ఉందో లేదో తెలియని మనిషి కారు నడపకూడదు. హెలెన్ ఆయన డ్రైవింగ్ ఆపించింది. ఆయన గొడవ చెయ్యలేదు. "ఉద్యోగం మానేసినప్పుడు కూడా రిటైర్ అవలేదమ్మా సుగుణా. ఇవాళ అయ్యాను," అన్నారు.

ఆ నెలలోనే ఆంటీ తైలం మొదలుపెట్టింది. ఎండు వావిలాకు, పసుపు కొమ్ములు, మెంతులు, వాము. అన్నీ నీళ్ళలో కాచి, పావు వంతుకి మరిగించి, బట్టలో వడగట్టి, ఆ సారాన్ని నువ్వులనూనెలో మళ్ళీ కాచేది. రోజూ సాయంత్రం ఆయన పాదాలు ఒళ్ళో పెట్టుకుని ఒక్కో వేలికీ రాసేది. నేను కాదనలేదు. తైలం వేడి ఎంతుందో ముందు తన చేతి మీద చూసుకోమని, పుండు కనిపిస్తే ఆపేయమని, డాక్టరిచ్చిన మాత్రలు మాత్రం మానొద్దని చెప్పాను. అంతవరకూ నేను చేసింది సబబే.

శ్రావణ శుక్రవారం నాడు ఆవిడ వాళ్ళింటికి పేరంటానికి పిలిచింది. తాంబూలంతో పాటు డజను ఆకుపచ్చ మట్టిగాజులిచ్చి, నా చెయ్యి పట్టుకుని తనే ఎక్కించింది. మీ క్లినిక్కేం పెద్దాసుపత్రి కాదుగా, ఇంకా ఈ బోడి చేతులేమిటి, చూస్తే నాకే బెంగగా ఉంది అంది. నిజం చెప్పొద్దూ, నా చేతులు చూసుకుని మురిసిపోయాను. సోమవారం వాటితోనే పనికి వెళ్ళాను. హెలెన్ ఒకసారి కళ్ళెగరేసింది. పేషెంట్లందరూ ఆంటీలే, వాళ్ళు ముచ్చటపడుతుంటే ఇంకేమీ అనలేకపోయింది.

దీపావళి దగ్గర్లో శేషగిరి గారు మళ్ళీ పరీక్షకి వచ్చారు. ఇరవై చోట్లకి పద్దెనిమిది చోట్ల "ఆ". నేను నమ్మలేక మళ్ళీ చేశాను. పందొమ్మిది. మంట కూడా చాలావరకు పోయిందన్నారు. మార్గరెట్ మాట గుర్తొచ్చి పాదాలు తిప్పి తిప్పి చూశాను, ఎక్కడా గీత లేదు. ట్యూనింగ్ ఫోర్క్ మోగించి ఎముక మీద పెట్టే రెండో పరీక్ష ఒకటుంది. అందులో మాత్రం ఆయనకి అదురు తెలియలేదు. డెబ్బై దాటిన మనిషికి ఆ మాత్రం మామూలేలే అని నేనే సర్దిచెప్పుకున్నాను. ఆ చార్టు చూసి ఆంటీ ఏడ్చింది. నేనూ ఏడ్చాను.

హెలెన్ మాత్రం చార్టు చూసి, ఇది వేరే ఎవరితోనైనా ఒకసారి చేయిద్దామా అని అడిగింది. నాకు ఒళ్ళు మండింది. నువ్వు స్కూల్లో ఉన్నప్పటి నుంచీ నేను ఈ దారం పట్టుకున్నానని మొహం మీదే అన్నాను. ఆవిడ ఇంకో మూడు నెలలు ఆగింది. రెండోసారి కూడా నేనే చేశాను, అదే ఫలితం. డ్రైవింగ్‌కి సరేనని సంతకం పెట్టేసింది.

ఆ చార్టు ఫొటో మనవాళ్ళ వాట్సాప్ గ్రూపులో తిరిగింది. ఆంటీ పచ్చడి సీసాల్లో తైలం పోసి అడిగినవాళ్ళకల్లా ఇచ్చింది. వాళ్ళూ వచ్చి నా మంచం మీద పడుకున్నారు, వాళ్ళ పాదాలకీ స్పర్శ తిరిగొచ్చింది. డాక్టర్లు పోగొట్టలేనిది వావిలాకు పోగొట్టిందని గుళ్ళో చెప్పుకున్నారు. సాక్ష్యం నేనే. ఆ రోజుల్లో నా నడకే మారిపోయిందని మా ఆయన ఇప్పటికీ దెప్పుతాడు.

దానంతట అదే కదిలే కారు

ఇక్కడి నుంచి రాయడానికి నాకు చెయ్యి రావడం లేదు.

మార్చిలో ఒకసారి శేషగిరి గారు మందుల చీటీ కోసం వచ్చి, కారు కొంచెం తేడాగా ఉందమ్మా అన్నారు. సిగ్నల్ దగ్గర ఆపితే దానంతట అదే ముందుకి జరుగుతోందట. ఇంట్లో గ్యారేజీ గోడకి రెండుసార్లు తగిలిందట, ఆయన బ్రేక్ మీద కాలు పెట్టే ఉన్నారట. మెకానిక్ రెండు రోజులు చూసి ఏ లోపమూ లేదన్నాడట. ఆంటీ కారుకి దిష్టి తీసి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టించింది. నేను పడీ పడీ నవ్వాను. ఇంకో నర్సు చెప్పిన కథైతే ఆ మాట వినగానే నాకు తెలిసిపోయేది. మన గొప్ప మనకి అడ్డమొస్తే కళ్ళెదుట ఏనుగున్నా కనపడదు.

ఏప్రిల్‌లో ఆయన మళ్ళీ పరీక్షకి వచ్చారు. మధ్యాహ్నం ఒకటిన్నర. బయట మంచి ఎండ, ఆంటీ వెయిటింగ్ రూములో కూచుంది. ఇటు నుంచి ఇటే స్కూల్‌కి వెళ్ళి మాయని తీసుకెళ్తామన్నారు. పడుకోబెట్టి, కళ్ళ మీద చిన్న తువ్వాలు వేశాను. కుడి పాదం అయింది. పది చోట్లా "ఆ". అది రాసుకుందామని వెనక్కి తిరిగి, రెండడుగుల దూరంలో ఉన్న బల్ల మీది పెన్ను కోసం చెయ్యి చాపాను.

"ఆ," అన్నారాయన.

వేళాకోళం అనుకున్నాను. నేనింకా ముట్టుకోలేదంకుల్ అన్నాను. అదేంటమ్మా, ఎడమ బొటనవేలు కదా అన్నారు. నేను ఫైలు వైపు చెయ్యి జరిపాను.

"ఆ. దాని పక్క వేలు."

తిరిగి చూశాను. మంచం చివర ఆయన రెండు పాదాలూ ఒంటరిగా ఉన్నాయి. దగ్గర ఎవరూ లేరు. చదువుకున్నదాన్ని, ముప్పై ఏళ్ళ అనుభవం, అయినా ఆ క్షణాన నేను మంచం అవతలి వైపు వంగి ఎవరైనా ఉన్నారేమోనని చూశాను. గదిలో ఏసీ చప్పుడు తప్ప ఏమీ లేదు. భయంతో చెయ్యి గుండెల మీద వేసుకున్నాను. గాజులు చప్పుడయ్యాయి.

"ఆ," అన్నారు. "మధ్య వేలు."

అప్పుడు నా చేతికేసి చూసుకున్నాను. దారం నొక్కాలంటే మణికట్టు వంచాలి. వంచినప్పుడల్లా డజను గాజులు కిందికి జారతాయి. నేను పుట్టినప్పటి నుంచీ వింటున్న చప్పుడు కాబట్టి నా చెవికి అది చప్పుడే కాదు. ఒక్కోటీ తియ్యడం మొదలుపెట్టాను. నేను ఒక్కో గాజు తీస్తున్నకొద్దీ ఆయన తువ్వాలు కింద నుంచి శాంతంగా "ఆ" అంటున్నారు. నాలుగో వేలు, చిటికెన వేలు, ముందు పాదం, మడమ. నేను ఎప్పుడూ వెళ్ళే వరసలోనే, ఒక్కటీ తప్పకుండా. అన్నీ తీసి జేబురుమాల్లో చుట్టి సొరుగులో పెట్టాను.

మళ్ళీ మొదటి నుంచి చేస్తానంకుల్ అని చెప్పి, దారం తీసుకుని ఎడమ పాదం పది చోట్లా నొక్కాను. ఏమీ లేదు. కుడి పాదం నొక్కాను. ఏమీ లేదు. చివరికి గోటితో గిచ్చాను, ఎర్రగా గుర్తు పడింది. ఆయన ముఖాన చిన్న నవ్వుతో ఓపిగ్గా ఎదురుచూస్తున్నారు.

"మొదలుపెట్టవేమ్మా? మూడింటికి మాయ దగ్గర ఉండాలి నేను," అన్నారు.

నా తప్పు నేను రాసుకోవాలి కదా

ఆ రోజు సంగతి ఇంకా కొంత ఉంది. దానికి ముందు, ఈ పనిలోకి వచ్చే పిల్లలకి చెప్పాల్సిన నాలుగు ముక్కలు చెప్పేస్తాను, తర్వాత చెప్పే ఓపిక నాకు ఉండదు.

ఆయన నాతో అబద్ధమాడలేదు. వాళ్ళెవరూ ఆడలేదు. చెవిన పడిన చప్పుడుని ఆయన మెదడు పాదానికి తగిలిన స్పర్శగా మార్చి ఇచ్చింది, ఆయనకి నిజంగానే తెలిసింది. దారం పట్టేటప్పుడు వరస మార్చాలని, మధ్యమధ్య ముట్టుకోకుండానే అడగాలని నాకు మొదటి ఏడాదే నేర్పారు. ఏళ్ళ తరబడి చేసి చేసి నా చెయ్యి ఒకే దారికి అలవాటు పడింది. రెండో పరీక్ష నాకు ఎదురు చెప్తే దాని నోరు నొక్కాను. ఇంకొకరి చేత చేయిద్దామన్న బాస్‌ని చిన్నపిల్ల అని కసిరాను. హెలెన్ కూడా నా మాటకి తగ్గాల్సింది కాదు, అది ఆవిడ తప్పు. ఆ మాట ఆవిడే నాతో అంది, నేనూ కాదనలేదు.

మరి తైలం మాటేమిటని అడుగుతారు. అది మంట తగ్గించిందా? ఏమో. కొందరికి తగ్గించి ఉండొచ్చు. రోజూ ఒక మనిషి పక్కన కూచుని అరగంట పాదాలు పట్టుకుంటే తగ్గిన మంట కూడా ఉంటుంది. నరం చచ్చి తగ్గిన మంటా ఉంటుంది. మూలికల్ని తిట్టడానికి నా దగ్గర ఆధారం లేదు, పొగడటానికీ లేదు. నేను కొలిచింది మూలికని కాదు. ఆ వారమే అందరినీ పిలిపించి, వట్టి చేతులతో, హెలెన్‌ని పక్కన పెట్టుకుని మళ్ళీ పరీక్షలు చేశాను. ఒకరి తర్వాత ఒకరు పడుకున్నారు, కళ్ళు మూసుకున్నారు, ఆ గదిలో రోజంతా ఒక్క "ఆ" కూడా సరిగ్గా వినపడలేదు. వాట్సాప్ గ్రూపులో నా తప్పు నేనే రాశాను. కొందరు నన్ను తిట్టారు. ఒకాయన, మీరు గాజులేసుకుని చూసిందే కరెక్ట్ అని వాదించాడు.

కామేశ్వరి ఆంటీ

ఆ మధ్యాహ్నం, ఇరవై చోట్లా నొక్కాక, అరక్షణం నాకు పాడుబుద్ధి పుట్టింది. "కొంచెం తగ్గింది" అని రాసేస్తే? ఇంకో రెండు నెలల్లో మెల్లగా ఆపించొచ్చు కదా, నా పరువూ నిలబడుతుంది కదా అని. అప్పుడే ఆ గ్యారేజీ గోడ గుర్తొచ్చింది. వెనక సీట్లో మాయ గుర్తొచ్చింది. తువ్వాలు తీసి, ఉన్నదున్నట్టు చెప్పేశాను. ఇవాళ కారు నడపడానికి వీల్లేదని చెప్పాను.

ఆయన లేచి కూచున్నారు. కోపం రాలేదు. ఇంజనీరు కదా, లెక్క ఎక్కడ తప్పిందో వెతుకుతున్నట్టు ఉన్నారు.

"నీ దారం సంగతి వదిలెయ్యమ్మా. రోజూ కామేశ్వరి తైలం రాస్తుంటే, వేలు వేలూ తెలుస్తుంది నాకు. ఆవిడ చెయ్యి తెలుస్తుంది. అదీ గాజులేనంటావా?"

ఆయన మళ్ళీ పడుకుని, తువ్వాలు తనే కళ్ళ మీద వేసుకున్నారు. ఆవిణ్ణి పిలుచుకు రా, ఆవిడ చెయ్యి పడి కూడా నాకు తెలియకపోతే అప్పుడు తాళాలు ఇచ్చేస్తాను, అంతవరకూ ఇవ్వను అన్నారు. తాళాలు చొక్కా జేబులో ఉన్నాయి. జేబు మీద చెయ్యి వేసుకున్నారు. అప్పటికి గోడ మీద టైము రెండు దాటింది.

బయటికి వెళ్ళి ఆంటీకి కారిడార్‌లో నిలబెట్టే చెప్పాను. ఏడుస్తుందనుకున్నాను, నన్ను నాలుగు దులుపుతుందనుకున్నాను. ఆవిడ ఒకటే అడిగింది, గాజులు తీసేస్తే అసలేమీ తెలియలేదా అని. లేదన్నాను. ఆవిడ తన చేతులకేసి చూసుకుంది.

ఒట్టు, తియ్యమని నేను అడగలేదు. ఏ తెలుగు ఆడదీ ఇంకో ఆడదాన్ని ఆ మాట అడగదు. ఆవిడకి డెబ్బై ఏళ్ళు, పెళ్ళై యాభై. పాత గాజులు మార్చినా కొత్తవి ఒకటి రెండు ఎక్కించాకే చివరివి తీసే మనిషి. ఆపరేషన్ అయినప్పుడు కూడా డాక్టర్లతో పోట్లాడి మణికట్టుకి పసుపుతాడు కట్టించుకుంది. ఆవిడ పెదవులు కదిలాయి, మంగళసూత్రాలు కళ్ళకద్దుకుంది. తర్వాత రెండు బంగారు గాజులూ, ఎర్ర మట్టిగాజులూ వరసగా తీసి నా దోసిట్లో పోసింది. అవి వెచ్చగా ఉన్నాయి. ఆవిడ మణికట్టు మీద, యాభై ఏళ్ళుగా ఎండ తగలని చోట, తెల్లటి గుర్తు ఉంది.

చెప్పులు విడిచి లోపలికి వచ్చింది. నేను గాజులు గుండెలకి అదిమిపెట్టుకుని, ఊపిరి బిగబట్టి గోడకి ఆనుకుని నిలబడ్డాను. ఆవిడ స్టూలు మీద కూచుని ఆయన పాదాలు రెండూ ఒళ్ళోకి తీసుకుంది. రోజూ ఇంట్లో రాసినట్టే మొదలుపెట్టింది. బొటనవేలు, దాని పక్కది, దాని పక్కది. అరచేత్తో అరికాలు నిమిరింది. మడమలు పట్టుకుని గట్టిగా నొక్కింది. చివరికి వంగి, ఆయన పాదాల మీద తన చెంప ఆనించి అలాగే ఉండిపోయింది.

ఆయన కళ్ళ మీద తువ్వాలుతో, జేబు మీద చేత్తో, ప్రశాంతంగా పడుకుని ఉన్నారు. కొంతసేపయ్యాక గొంతు సవరించుకున్నారు.

"ఏమ్మా సుగుణా, మీ ఆంటీ రానందా?"

"వచ్చి చాలాసేపైందండీ," అంది ఆవిడ, పాదాల దగ్గర నుంచి.

ఆయన తువ్వాలు తీశారు. ముందు ఆవిడ ముఖం చూశారు. తర్వాత తన కాళ్ళు ఎక్కడున్నాయో చూశారు. తర్వాత ఆవిడ చేతులు చూశారు. ఆయన ముఖంలో అంత భయం నేను అంతకు ముందెప్పుడూ చూడలేదు, డ్రైవింగ్ ఆపించిన రోజు కూడా.

"ముందవి వేసుకో," అన్నారు.

నేను దోసిలి పట్టాను. ఆవిడ లేచి నా దగ్గరికి వచ్చి, వెనక్కి తిరగకుండానే ఒక్కోటీ ఎక్కించుకోవడం మొదలుపెట్టింది. గాజులు గలగలమంటున్నాయి. ఆయన జేబులోంచి తాళాలు తీసి మంచం అంచున పెట్టేశారు. మళ్ళీ వెనక్కి వాలి కళ్ళు మూసుకున్నారు.

"ఇప్పుడు తెలుస్తోంది కామేశ్వరీ," అన్నారు.

ఆవిడ ఆయన పాదాలకి నాలుగడుగుల దూరంలో ఉంది. నేను తాళాలు తీసి ఆవిడ చేతికిచ్చి, మాయని తీసుకురావడానికి నా కారులో బయల్దేరాను.